సరోజమ్మ అనని మాట

ఒక మనిషి పరువు నేను తీశాను. చేత్తో కాదు, నోటితో. ఆ సంగతి నాకు కాక తెలిసినది ఒక్క డాక్టరమ్మకే. ఆమె బదిలీ అయి ఎటో వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆ బరువు నా ఒక్కడి మీదే ఉంది. నమాజుకు వంగినా దిగదు, పనిలో పడినా దిగదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలాగైతేనే నోరు పెగిలేలా ఉంది. అయినా మీరు ఇది చదివి, పెనుకొండలో ఈయనెవరని వాకబు చేస్తారేమోనన్న భయం రాస్తున్న ఈ క్షణంలో కూడా ఉంది. మనుషులను నమ్మడం నాకు మొదటినుంచీ చేతకాదు.

పెనుకొండ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న అంగడి నాది. నా భార్య నూర్జహాన్ హిందూపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు. రోజూ బస్సులో పోయి వచ్చేది. స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది ఆ రోగుల కోసం అక్కడ విడిగా ఒక వార్డు తెరిచారు. అందులో వేసిన నర్సుల్లో ఆమె ఒకతె. వార్డు నడిచినన్నాళ్లూ ఇళ్లకు పోకుండా ఆసుపత్రి వెనక పాత క్వార్టర్సులో ఉండాలన్నారు. నేను వద్దనలేదు. అప్పటికే మా వీధిలో పక్కింటివాళ్లు తమ పిల్లలను మా అమ్మాయితో ఆడుకోనివ్వడం మానేశారు. దూరంగా ఉంటేనే మేలనుకున్నాను. ఆమె ఫోన్ చేసి వార్డు సంగతులు మొదలుపెడితే, అవన్నీ నాకు చెప్పొద్దు, మనసు పాడవుతుంది అనేవాణ్ని. ఎవరి మనసు? నాదే.

ఒకరోజు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మగ గొంతు.

"అన్నా, నేను ఈడ మందులిచ్చే నాగభూషణాన్ని. నూర్జహాన్ సిస్టర్ పొద్దున్నుంచి వార్డులోనే ఉండాది, ఫోను ముట్టేకి కాలేదు. అన్నం తినింది. దిగులు పడొద్దండి."

ఇంకొకరైతే సంతోషపడేవారు. నేను ఫోన్ పెట్టేసి కూర్చుండిపోయాను. నా భార్య అన్నం తిన్న సంగతి వీడికెలా తెలుసు? ఎదురుగా కూర్చుని చూశాడా? నా నంబరు ఎవరిచ్చారు? ఆమే ఇచ్చి ఉంటుంది. ఎందుకిచ్చింది? తెలిసినవాళ్ల దగ్గర మాటల్లో మాటగా వాకబు చేశాను. అగళి వైపు మనిషి, పెళ్లి కాలేదు, అందరితో కలుపుగోలుగా ఉంటాడు అన్నారు. కలుపుగోలు అన్న మాట నాకు గుచ్చుకుంది.

మరుసటి రోజునుంచి టిఫిన్ క్యారియర్ పట్టుకుని హిందూపురం బస్సెక్కడం మొదలుపెట్టాను. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. మొగుడంటే అట్లుండాలప్పా అని మా అత్త నలుగురిలో అన్నది. నేను కాదనలేదు. అన్నం తీసుకుపోయిన మాట నిజమే. కానీ అన్నం కోసం పోలేదు. కాపలాకు పోయాను.

క్యారియర్ గేటు దగ్గర ఇచ్చేసి ఎదురుగా టీ అంగట్లో కూర్చునేవాణ్ని. అక్కడినుంచి క్వార్టర్స్ డాబా కనిపించేది. మధ్యాహ్నం డ్యూటీ దిగిన నర్సులు స్నానాలు చేసి, తడి జుట్టుతో, నీళ్ల ట్యాంకు నీడలో ఎడంఎడంగా కూర్చునేవాళ్లు. నాకు ఫోన్ చేసిన నాగభూషణం, అక్కడ అందరూ భూషణ అనేవాళ్లు, అందరికీ రాగి జావ పోసేవాడు. తర్వాత తనూ ఒక మూల కూర్చునేవాడు. ఒకరోజు నూర్జహాన్ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. అతను ఏదో అన్నాడు. ఆమె తల ఎత్తింది. మరికాసేపటికి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మాస్కు తాళ్లు ఒరుసుకుపోయి ఎర్రబడ్డ చెంపలతో, పళ్లు కనబడేలా నవ్వింది.

నాకు ఆ నవ్వు కంటే ఆ ఏడుపు ఎక్కువ మండింది. నా ముందు ఎప్పుడూ అలా ఏడవలేదు. వాడి ముందెందుకు ఏడ్చింది? మిగతా నర్సులంతా అక్కడే ఉన్నారు కదా అని నా బుద్ధి చెబుతూనే ఉంది. అనుమానానికి బుద్ధితో పనేముంది? అందరూ ఉన్నప్పుడే ఇంత ధైర్యమైతే, ఎవరూ లేనప్పుడు ఎంతో అని అది అప్పటికే ఇంకో మెట్టు ఎక్కేసింది.

వార్డు బాధ్యత చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. దారిలో మాట తయారు చేసుకున్నాను. వాడితో కలిపి నా భార్య పేరు రాకూడదు, చెప్పినవాడిగా నా పేరు రాకూడదు, వాడు మాత్రం పోవాలి.

"మేడం, ఒక సిస్టరు మా ఇంటామెతో చెప్పుకొని ఏడ్చిందంట. ఆ భూషణ చెయ్యి పట్టుకున్నాడంట. పేరు అడగొద్దండి. నేను చెప్పినట్ల తెలియనీయొద్దండి."

డాక్టరమ్మ నమ్మలేదనుకుంటాను. కానీ ఆడపిల్లలు ఇళ్లు వదిలి ఉంటున్న చోటు. ఆమె మాత్రం ఏం చేయగలదు? ఆ వారంలోనే భూషణను ధర్మవరం వైపు పంపేశారు. ఒక సిస్టరు ఫిర్యాదు చేసింది, పేరు చెప్పను అని మాత్రం డాక్టరమ్మ అతనితో అన్నదట.

నూర్జహాన్ ఫోన్ చేసింది. "భూషణను పంపించేసినారు. మాలోనే ఎవరో చెప్పినారంట. అంత అబద్ధం చెప్పేకి నోరెట్లొచ్చిందో!"

ఆ తర్వాతే నూర్జహాన్ చెబితే అన్నీ తెలిశాయి. రోగులను నేను చూసుకుంటా, సిస్టర్లను నువ్వు చూసుకో అని డాక్టరమ్మే అతనికి అప్పజెప్పిందట. డాబా మీద ఏడ్చేవాళ్లను ఏడవొద్దని ఎవరూ అనకూడదట. అతను అందరి ఇళ్లకూ ఫోన్లు చేసేవాడట, మా ఇంటికొక్కదానికే కాదు. రోగం అంటిస్తుందని పద్మ అనే చిన్న నర్సు పెట్టెను ఇంటి ఓనరు వీధిలో పెడితే, పోయి మాట్లాడి మళ్లీ లోపల పెట్టించింది అతనేనట. నేను చూసిన రోజు నూర్జహాన్ ఏడ్చింది, వార్డులో మా అమ్మాయి ఈడు పిల్ల చనిపోయినందుకు. నాకు చెప్పడానికి లేదు కదా. వద్దన్నాను కదా.

అతను పోయాక డాబా మీదికి ఎవరూ ఎక్కలేదు. ఒకరినొకరు అనుమానించుకున్నారు. ఎవరి అన్నం వాళ్లు ఎవరి గదిలో వాళ్లు తిన్నారు. పద్మ ఒక పొద్దున డ్యూటీ దిగి, ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు పోయింది, మళ్లీ ఉద్యోగానికి రాలేదు. పెద్ద నర్సు సరోజమ్మకు అంతకుముందు ఏదో మందుల విషయంలో భూషణతో మాటామాటా అయిందట. ఇంకేం, ఆమే అన్నదని అందరూ తేల్చేశారు. అందరికంటే గట్టిగా నమ్మింది నా భార్య.

నేను విన్నాను. ఊరుకున్నాను.

ఆ మరుసటి ఏడాది చెల్లెలి పెళ్లి చీరలకని ధర్మవరం పోయాను. ఎండకు తలనొప్పి వచ్చి ఒక మందుల షాపులోకి పోతే, లోపల భూషణ ఉన్నాడు. గేటు దగ్గర క్యారియర్‌తో నన్ను రోజూ చూసినవాడే, తప్పించుకునేలోపే గుర్తుపట్టాడు.

"పెనుకొండన్న కదా మీరు! సిస్టర్ ఎట్లుండాది?"

"బాగుండాది. నువ్వు ఈడెందుకుండావప్పా?"

"ఆ ఉద్యోగం వదిలేస్తినన్నా. నాకంటే ముందే ఆ మాట ఈడికొచ్చింది. ఆడపిల్లోళ్లు నన్ను చూస్తే పక్కకు జరుగుతాండ్రి. కుదిరిన సంబంధం కూడా వాళ్లే వద్దనిరి."

"ఎవరు చెప్పినారో తెలిసిందా?"

ఎందుకడిగాను? జాలితోనా? కాదు. నా పేరు బయటికి వచ్చిందేమో చూసుకోవడానికి.

"లేదన్నా. ఒక్కొక్కరి ముఖం తలుచుకుంటా ఉంటా. సరోజమ్మక్కా? పద్మనా? మీరు తప్పుగా అనుకోవద్దు, ఒక్కోసారి నూర్జహాన్ సిస్టరేనేమో అనిపిస్తాది. నా ముందర ఏడ్చినానే అని సిగ్గయి, అట్ల చెప్పిందేమో."

అప్పుడు చెప్పాల్సింది. షాపులో ఇద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా.

"ఏమోప్పా," అన్నాను. "ఎవరి మనసులో ఏముంటాదో ఎట్ల చెప్పేకయితాది?"

అతను తల ఊపి, మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. నేను తీసుకుని బయటికి వచ్చేశాను. మొదటిసారి చేసింది మంటలో చేశాను అనుకోవచ్చు. ఇది? చల్లగా, నిలబడి, నా భార్యను అతని అనుమానానికి అప్పజెప్పి వచ్చాను. అదే అనుమానం కదా ఆమె మీద నేను పెంచుకున్నది. అది ఎంత దూరం పోతుందో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

తర్వాత ఒకసారి వెతుక్కుంటూ పోయాను. చెప్పడానికే పోయానని అనుకుంటున్నాను. ఆ షాపు లేదు, అతను ఎటు పోయాడో పక్కవాళ్లకు తెలియదు. నాకు దిగులు కంటే ముందు కలిగింది తెరిపి. అదీ మీకు తెలియాలి.

సరోజమ్మ రిటైరైంది. కొడుకు పెళ్లికి పిలవడానికి తానే మా ఇంటికి వచ్చింది. నూర్జహాన్ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ పెద్దావిడ గడప దగ్గర కాసేపు నిలబడి, నా వైపు చూసి పోయింది. ఆ చూపులో ఏముంది? తెలుసా ఆమెకు? నూర్జహాన్ కూడా ఈ మధ్య నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆగి నన్ను చూస్తోంది. తెలిసిందా? లేక అదీ నా అనుమానమేనా? అందరినీ కాపలా కాసినవాణ్ని, ఇప్పుడు నన్ను ఎవరు కాపలా కాస్తున్నారో వెతుక్కుంటున్నాను.

క్షమించమని అడగను. అడగాల్సినవాళ్లలో ఒక్కరి ముందుకైనా పోయి నిలబడలేదు. పోతానని మాట కూడా ఇవ్వలేను, ఇస్తే మీరు నమ్మకండి. కానీ ఒక్క మాట ఎక్కడో ఒకచోట నిజంగా ఉండాలి. భూషణ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అలా అన్నది సరోజమ్మ కాదు. పద్మ కాదు. నా భార్య కాదు.

నేను.

రాసేశాను. ఇప్పుడు ఊపిరి కొంచెం ఆడుతోంది.