నీళ్లు అక్కర్లేని మొక్కలు

అమలాపురంలో మేం అద్దెకున్న అపార్టుమెంటులో మా వాటాకి ఎండ వచ్చేది కాదు. రెండో అంతస్తు. బాల్కనీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పక్క బిల్డింగు గోడ. దాని మీద నాచు పట్టి, వానాకాలం వెళ్లిపోయినా నల్లగా చెమ్మగానే ఉండేది. మా మామయ్యగారు పొద్దున్న లేచింది మొదలు ఆ గోడ కేసి చూస్తూ కూర్చునేవారు.

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఆయనకి కొబ్బరితోట ఉండేది. తొంభైల్లో చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. గట్లు దాటి ఉప్పునీరు ఊటగా తోటలోకి దిగింది. మట్టలు పసుపెక్కి వాలిపోయాయి. పిందె నిలబడటం మానేసింది. మంచినీళ్లు పోస్తే ఉప్పు విరుగుతుందని ఆయన కాలవలోంచి కావిడితో మోసుకొచ్చి ఒక్కొక్క చెట్టు మొదట్లోనూ పోసేవారు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఆ కావిడి మోయడం కళ్లారా చూశాను. భుజం మీద కాయ కాసిపోయి ఉండేది. ఎవరు వద్దన్నా వినేవారు కాదు. చివరికి మా ఆయనే దగ్గరుండి చెట్లు కొట్టించి, ఆ నేల కూడా చెరువులకి లీజుకిచ్చేశారు. తర్వాత కొన్నాళ్లకి అత్తయ్యగారు పోయారు. మామయ్యగారిని మా దగ్గరకి తెచ్చుకున్నాం.

మా ఆయనకి అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టులో పని. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో నేనూ, మామయ్యగారూ. ఆయన మరిచిపోవడం మొదలుపెట్టింది కూడా ముందు నేనే చూశాను. భోంచేసి చెయ్యి కడుక్కుని, మళ్లీ వచ్చి పీట మీద కూర్చునేవారు. "వడ్డిస్తావా అమ్మా" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఇప్పుడే తిన్నారు కదండీ అంటే సిగ్గుపడిపోయేవారు. ఆ సిగ్గు చూడలేక, నేను మళ్లీ కాస్త మజ్జిగన్నం కలిపి పెట్టేదాన్ని.

కాకినాడలో డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, మా ఆయన్ని పక్కకి పిలిచారు.

"ఇది తగ్గేది కాదండి. నెమ్మదిగా పెరుగుతుందంతే. చేతికి ఏదన్నా చిన్న పని ఇస్తూ ఉండండి. ఆ కాసేపూ ఆయనకి బాగుంటుంది."

ఆ మాట పట్టుకునే, తిరిగొచ్చేటప్పుడు చుట్టుదారైనా కడియం మీదుగా వచ్చి, అక్కడ బస్సు దిగి ఒక నర్సరీకి వెళ్లాం. ఎండ తగలని బాల్కనీ అని చెప్పాను. నర్సరీ ఆయన లోపలికి తీసికెళ్లి నీడపందిరి కింద ఉన్నవి చూపించాడు. మనీప్లాంటు, రబ్బరు మొక్క, కత్తుల్లా నిలువుగా లేచే ఆకుల స్నేక్ ప్లాంటు.

"వీటికి చాకిరీ ఏం ఉండదండి. వారానికోసారి కాసిని నీళ్లు చిలకరిస్తే చాలు. మర్చిపోయినా పర్లేదండి, చచ్చిపోవు" అన్నాడు.

మరిచిపోయే మనిషికి ఇంతకంటే తగిన మొక్కలు ఉండవనిపించింది. ఆటో నిండా వేసుకుని, బస్సు టాపు మీద ఎక్కించుకుని తెచ్చాం.

మొదటి వారం ఆయన ముఖం చూస్తే నాకు ఏళ్ల తరవాత ఇల్లు ఇల్లులా అనిపించింది. కుండీలు తనకి నచ్చినట్టు సర్దుకున్నారు. గుడ్డముక్క తడిపి రబ్బరు ఆకులు ఒక్కొక్కటీ తుడిచారు. స్నేక్ ప్లాంటుని మాత్రం అనుమానంగా చూసి, "ఇది కాయదా అమ్మా?" అని అడిగారు.

"కాయదండి. చూడ్డానికే."

"ఆయ్" అన్నారు, కాయనిదాన్ని చూసి జాలిపడినట్టు.

బాల్కనీలో కొళాయి ఉంది. మగ్గుతో పట్టి పోసేవారు. పోసిన సంగతి మరిచిపోయి మళ్లీ పోసేవారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి కుండీల్లో నీళ్లు అంచుదాకా నిలిచి ఉండేవి.

"మామయ్యగారూ, ఇందాకే పోసేరండి."

"నేనా? లేదమ్మా. చూడు, ఎంత దాహం మీద ఉందో."

వాదించి లాభం లేదు. కుండీ పక్కకి వంచి, నీళ్లు పారబోసేదాన్ని. నెల తిరక్కుండానే స్నేక్ ప్లాంటు మొదలు మెత్తబడింది. పట్టుకుంటే ఆకు ఆకంతా చేతిలోకి వచ్చేసింది, కుళ్లు వాసనతో. మనీప్లాంటు పసుపెక్కింది. పసుపెక్కిన ఆకు చూడగానే ఆయనకి కంగారు పుట్టేది, ఇంకా పోసేవారు. తోపుడుబండి మీద మొక్కలమ్మే మనిషి దగ్గర అలాంటివే కొని, ఆయన నిద్రపోతున్నప్పుడు కుండీల్లో మార్చేదాన్ని. లేచి చూసి, "తేరుకుంది" అని సంతోషించేవారు. అవీ కొన్నాళ్లకి కుళ్లేవి.

ఒకరోజు కింది వాటావిడ పైకి వచ్చింది. మంచి మనిషే. గుమ్మం బయటే నిలబడి, చెప్పడానికి మొహమాటపడింది.

"ఏమీ అనుకోకండి. మీ బాల్కనీలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయండి. వడియాలు పెట్టుకున్నాను, నిన్నా అంతే, ఇవాళా అంతే. గోడంతా నానిపోయింది. ఓనరుగారు చూస్తే నన్నే అంటారండి."

ఆ ఆదివారం మా ఆయన ప్లంబర్ని పిలిచి బాల్కనీ కొళాయికి బిరడా వేయించేశారు. మగ్గు అటక మీదికి వెళ్లింది. వంటింటి తలుపూ, స్నానాలగది తలుపూ గొళ్లెం పెట్టి ఉంచడం అలవాటు చేసుకున్నాం. మామయ్యగారు రెండు రోజులు కొళాయి ఉన్నచోట గోడ తడుముతూ తిరిగారు. తర్వాత తిరగడం మానేశారు. మరిచిపోయారనుకున్నాం.

అప్పుడే ఎండలు ముదిరాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఆయన మంచం పక్కన మరచెంబుతో మంచినీళ్లూ, గ్లాసూ పెట్టేదాన్ని.

"తాగేరా మామయ్యగారూ?"

"ఆయ్, తాగేనమ్మా."

చెంబు ఖాళీగానే ఉండేది. మళ్లీ నింపేదాన్ని. మళ్లీ ఖాళీ. బాగా తాగుతున్నారని నాకు ధైర్యంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం భోజనానికి లేపితే లేవలేదు. నాలిక ఎండి పిడచకట్టుకుపోయింది. పలకరిస్తే కళ్లు తెరుస్తున్నారు, నన్ను చూడటంలేదు. కింది వాటావిడ సాయం పట్టింది. ఇద్దరం ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. వెంటనే సెలైను ఎక్కించారు.

"ఈయన అసలు నీళ్లు తాగుతున్నారా అండీ?" అని డ్యూటీ డాక్టరు అడిగింది.

"చెంబులకి చెంబులు తాగుతున్నారండి" అన్నాను.

ఆమె నన్ను నమ్మలేదు. నాకు కోపం వచ్చింది.

మా ఆయన వచ్చాక, మామయ్యగారి బట్టలు తీసుకురావడానికి ఇంటికి వెళ్లాను. బాల్కనీలో తువ్వాలు ఆరేసి ఉంది, అది తీయబోయాను. కాలికింద తడి. ఒక్కో కుండీలోనూ నీళ్లు నిలిచి ఉన్నాయి. రబ్బరు మొక్క మొదట్లో స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. గ్లాసు తీసి కడిగి, బట్టలతోపాటు సంచిలో వేసుకున్నాను.

ఆస్పత్రికి వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. కాస్త తేరుకున్నారు.

"మీకిచ్చిన నీళ్లు మొక్కలకి పోసేసేరా అండీ?"

నాకు తెలియని విషయం ఏదో చెబుతున్నట్టు నెమ్మదిగా అన్నారు: "ఉప్పు విరగాలి కదమ్మా."

మా ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చాక మామయ్యగారు బాల్కనీ వైపు చూడలేదు. నడక పోయింది. మంచం, కుర్చీ, మళ్లీ మంచం. గ్లాసు నేను నోటికి అందిస్తేనే తాగడం. మొక్కల సంగతి ఎవరం పట్టించుకోలేదు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి అవి కోలుకున్నాయి. రబ్బరు మొక్క ఎర్రటి ఆకుమొగ్గలు విప్పింది. మనీప్లాంటు గ్రిల్లంతా అల్లుకుపోయింది. కింది వాటావిడ తలెత్తి చూసి మెచ్చుకుంది.

"ఎంత బాగా పెంచేరండీ. ఏం వేస్తున్నారేంటి?"

"ఏమీ వేయట్లేదండి" అన్నాను. అడిగితే ఒక కొమ్మ తుంచి ఇచ్చాను. నాకు వాటి మీద ఇష్టం పోయింది.

వానలు మొదలవక ముందు, ఊరు చూపిస్తే ఏమన్నా గుర్తొస్తుందేమోనని మా ఆయనకి ఒక ఆశ. నేను వద్దనలేకపోయాను. ఆటో మాట్లాడుకుని ముగ్గురం వెళ్లాం. గట్టు దగ్గర ఆపించారు. తోట ఉన్నచోట, కనుచూపుమేరా చెరువులు. నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. ఒక్క చెట్టు లేదు. మామయ్యగారు దీన్ని చూసి ఏమైపోతారోనని నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

చాలాసేపు చూశారు. ముఖం తేటపడింది.

"నీళ్లు బాగా నిలిచేయిరా" అన్నారు కొడుకుతో. "ఇంక పర్లేదు."

మా ఆయన డ్రైవరు భుజం తట్టి, ఆటో తిప్పమన్నారు.

దారిలో మామయ్యగారు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. శ్రావణం రాకుండానే పోయారు.