జీడితోటలో ఎలుగుబంటి

పెళ్లయిన కొత్తలో వజ్రపుకొత్తూరు దగ్గర మా జీడితోటలో మా ఆయనా నేనూ డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లం. చెట్లకు కట్టిన బుట్టల్లోకి ప్లాస్టిక్ పళ్లేలు విసిరే ఆట అది. మా పెళ్లి ఇష్టం లేని అత్తమ్మ నాతో మాట్లాడేదే కాదు.

ఒకరోజు నా పళ్లెం పొదలో పడింది. తీయడానికి వంగితే ఎదురుగా ఎలుగుబంటి! మా ఆయన దూరంగా ఉన్నాడు. భయంతో పరిగెత్తబోయాను.

"పరిగెత్తకు పిల్లా! మెల్లగా ఎనక్కి రా!"

జీడిపిక్కలు ఏరుతున్న అత్తమ్మ రేకుడబ్బా బాదుకుంటూ వచ్చి నాకు అడ్డంగా నిలబడింది. ఆ మోతకు ఎలుగు పారిపోయింది.

"నీకేటైనా అయితే మీ అమ్మకి ఏటి సెప్పాల?" అంటూ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ప్రాణం కాపాడిన అత్తమ్మకే కాదు, మమ్మల్ని కలిపిన ఆ ఎలుగుబంటికి కూడా ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.