రెండు పేజీలు కలిసి తిరిగిన ఆదివారం

మాల్విన గొంతు పోయిందంటే ఊరికి అది వార్తే. ఫారో దీవుల్లో ఇంత చిన్న ఊరికి పాస్టరు నెలకోసారి వస్తే గొప్ప. మిగతా ఆదివారాలు ఊళ్లోవాళ్లే ఎవరో ఒకరు చర్చిలో నిలబడి, అచ్చు పుస్తకంలోంచి ఆ వారం ప్రసంగం చదవాలి. ఎన్నో ఏళ్లుగా ఆ ఎవరో ఒకరు మాల్వినే. పక్క ఊరి వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది, గొర్రెల్ని దింపే రోజుల్లో కొండెక్కుతుంది. ఎవరైనా మరీ ఎక్కువసేపు మంచిమాటలు చెబితే కాఫీ వంకతో లేచిపోతుంది. ప్రసంగం మాత్రం ఏనాడూ ఎగ్గొట్టలేదు.

ఆ ఫిబ్రవరిలో జలుబు ఛాతీకి దిగింది. శనివారం సాయంత్రానికి నోట్లోంచి గాలి తప్ప మాట రావడం లేదు. తమ్ముడి కూతురు రన్వాకి కబురు పెట్టింది.

రన్వాకి పదిహేనేళ్లు. తండ్రి చేపలు పట్టే ట్రాలర్ ఓడ మీద సముద్రంలో ఉంటాడు, తల్లి సిగ్వోర్ ఊరి చేపల ఫ్యాక్టరీలో చేస్తుంది. ఓడ నడుపుతానని పిల్ల నడక వచ్చినప్పట్నుంచీ అంటూనే ఉంది. నౌకా పాఠశాలలో చేరాలంటే తొమ్మిదో తరగతి పరీక్ష గట్టెక్కాలి. క్రిస్మస్ వెళ్లగానే, ఉన్నట్టుండి, "పరీక్ష రాయను, ఫ్యాక్టరీలో చేరతాను" అంది. రాస్తానని బడికి చెప్పడానికి ఫిబ్రవరి నెలాఖరు దాకే గడువు. తెలివైనదే కానీ బద్ధకం అని బళ్లో తేల్చేశారు. పొగరు అని తల్లి తేల్చేసింది.

"రేపు ప్రసంగం నువ్వు చదవాలే."

"నేనా? డాన్యాల్ తాతని అడుగు అత్తా."

"ఆయన చదివితే వినేవాళ్లకంటే ముందు ఆయనే నిద్రపోతాడు."

రన్వా నవ్వలేదు. "సరే. కానీ ఒక్కసారి నువ్వు చదివి వినిపించు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు లేపాలో తెలియాలిగా."

"గొంతే లేదంటుంటే, లేపేదేమిటి?"

"గుసగుసగా చదువు. చాలు."

మాల్విన పొయ్యి పక్కన కూర్చుని గుసగుసగా చదివింది. రన్వా కళ్లు మూసుకుని, మడమతో నేల మీద మెల్లగా తాళం వేస్తూ వింది. మధ్యలో మాల్వినకి దగ్గు తెర వచ్చింది. ద్రాక్షతోటల గురించి ఓ పేరా ఉంటే, ద్రాక్షతీగ మొహం ఎరగని ఊరికి ఇదెందుకులే అనుకుని, ఊపిరి కూడా చాలక, చెప్పకుండానే దాటేసింది. పిల్ల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆదివారం రన్వా బల్ల ముందు నిలబడి చదివింది. బాగా చదివింది. ఫ్యాక్టరీ ఆడవాళ్లు దగ్గడం మానేసి విన్నారు. మాల్విన ముందు వరసలో, పుస్తకం కనబడేంత దగ్గర్లో, పక్కగా కూర్చుంది. తేమ పట్టిన పాత పుస్తకం. రన్వా పేజీ తిప్పింది. రెండు పేజీలు అంటుకుని కలిసి తిరిగాయి.

మాల్విన సాయం చేయడానికి సగం లేచింది. చదువు ఆగలేదు. దాటిపోయిన పేజీల్లో ఉన్న మాటలే, పొల్లు పోకుండా, వరసగా వస్తున్నాయి. పిల్ల కళ్లు మాత్రం కాగితం మీద ఎడమ నుంచి కుడికి, ఎడమ నుంచి కుడికి, బుద్ధిగా కదులుతున్నాయి. కాసేపటికి ద్రాక్షతోటల చోటు వచ్చింది. రన్వా ఆ పేరాని దాటేసింది. నిన్న మాల్వినకి దగ్గొచ్చిన చోట చిన్నగా ఆగింది కూడా.

మాల్విన ఒళ్లు జల్లుమంది. లేచినదల్లా మెల్లగా కూర్చుంది. ఒక్క వినికిడితో ఇంత పొడుగు ప్రసంగాన్ని, దగ్గుతో సహా, పట్టి తెచ్చి నిలబెట్టింది ఈ పిల్ల. ఎదురుగా ఉన్న అక్షరాల్లో ఒక్కటీ చదవకుండా.

ఇది బయటపడకపోవడంలో ఊరి వాటా ఉంది. అక్కడ పండగ వస్తే చేతులు పట్టుకుని వలయంగా నిలబడి, కాళ్లతో నేల దద్దరిల్లేలా తొక్కుతూ పాత వీరగాథలు పాడతారు. వాయిద్యం ఉండదు, కాగితం అసలే ఉండదు. ముందుండి పాడేవాళ్లు వంద చరణాలైనా నోటికే పాడాలి. చూసి పాడేవాణ్ణి చూసి నవ్వే ఊరది. రన్వా పదేళ్లకే అలా ముందుండి పాడింది. పాఠం అప్పజెప్పినా ఊళ్లోవాళ్లకి అదే మురిపెం. నోటికి రావడం, చదవడం రావడం ఒకటి కాదని ఎవరికీ తట్టలేదు.

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే మాల్వినకి గుర్తొచ్చింది. సరుకుల చీటీ ఇస్తే రన్వా దుకాణం నుంచి ఫోన్ చేసి ఏం కావాలో అడిగేది. ఎవరికీ నాలుగు ముక్కలు రాసి పంపదు, గొంతు రికార్డు చేసి పంపుతుంది. టీవీలో సినిమా వస్తే కింద పడే అక్షరాలు చదవమని చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుంటుంది, ఏదో గారాబంలాగా. డిక్టేషన్ ఉన్న రోజున కడుపునొప్పి. ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాసిందని టీచరు సిగ్వోర్‌ని పిలిపించి మరీ చూపించింది. వేటికవి చూస్తే ఏమీ కాదు. వృద్ధాశ్రమంలో తనతో పనిచేసిన డేనిష్ కుర్రాడొకడికి డిస్‌లెక్సియా ఉండేది, తెలివి ఉన్నా అక్షరాలు కుదురుగా పట్టుబడని ఇబ్బంది. వాడూ మందుల డబ్బాల మీది పేర్లు చదవకుండా రంగు చూసి గుర్తుపట్టేవాడు.

మధ్యాహ్నం కాఫీకి పిలిచింది. పుల్లటి రేవల్‌చిన్ని కాడల జామ్ పూసిన రొట్టె ముందు పెట్టి, దాని పక్కన ఆ వారం పేపరు పెట్టింది.

"ఇది చదువే."

"ఎందుకు?"

"ఇది నేను నీకు వినిపించలేదు కనుక."

రన్వా పేపరు దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి మొదలెట్టింది. రెండు వాక్యాలు. ఒక మాట దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ దాని మీదికే వచ్చి. నుదుటి మీద చెమట. కాఫీ చల్లారిపోయింది. బాగుందనో, పర్లేదనో అనే పాడు అలవాటు మాల్వినకి లేదు.

"ఎప్పట్నుంచీ?"

"ఎప్పట్నుంచీ ఏంటి! ఎప్పుడూ ఇంతే. చెల్లి చదువుతుంది, నేను వింటా. రాత్రి కప్పు వైపు చూస్తూ మొత్తం మళ్లీ చెప్పుకుంటా. పరీక్షలో కొత్త పాఠం ఇస్తారు అత్తా. దాన్ని ఎవరు వినిపిస్తారు నాకు?"

"ఒకటుంటుందే. డిస్‌లెక్సియా. మనవాళ్లు మాటలగుడ్డి అంటారు చూడు..."

"గుడ్డిదాన్నంటావా?"

"పేరు పెట్టినవాడికి బుద్ధి లేదు, నన్నెందుకు తిడతావ్? అదే అని నేను చెప్పడం లేదు. నేను వంటమనిషిని. తెలిసినవాళ్లు రాజధానిలో, టోర్‌షావ్న్‌లో ఉన్నారు, చూపిద్దాం అంటున్నా."

"అందరూ మొద్దు అంటారు."

"మొద్దు ఆ ప్రసంగాన్ని మోయగలదా? నావల్ల కాదు. పాస్టరు వల్లా కాదు."

దీన్ని దేవుడిచ్చిన వరమని సాయంత్రానికల్లా ఊరు అనేసేది, తెలిసుంటే. వరం కాదు. ప్రతి రాత్రీ కప్పు వైపు చూస్తూ ఒంటరిగా చేసిన చాకిరీ. మాల్వినకి ఒళ్లు జల్లుమన్నది దానికే.

సిగ్వోర్‌కి రన్వానే చెప్పింది, గుమ్మంలో నిలబడి. సిగ్వోర్ ముందు కోప్పడింది, తర్వాత మాల్విన వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ దీన్ని బద్ధకస్తురాలన్నానా వదినా?" అంది. మాల్విన అవుననే అంది.

గడువు రెండు రోజుల్లో ఉందనగా ముగ్గురూ టోర్‌షావ్న్ వెళ్లారు. లోపల పరీక్ష చేసినావిడ కథ ఇవ్వలేదు, వ్యాసం ఇవ్వలేదు. అర్థం లేని, ఎక్కడా లేని మాటల పట్టీ ఇచ్చి చదవమంది. రన్వా బయటికొచ్చి గోడకి ఆనుకుంది.

"వాటికి అర్థమే లేదు అత్తా. పట్టుకోడానికి ఏమీ లేదు. మొదటిసారి నాకేదీ గుర్తు రాలేదు."

ఆవిడ వెనకే వచ్చింది. ఇంకా కొన్ని పరీక్షలున్నాయని, దీనికి పేరు తర్వాత పెట్టొచ్చని చెప్పింది. బడి పరీక్షలో మాత్రం పాఠాన్ని చెవిలో వినిపిస్తారు, ఎక్కువ సమయం ఇస్తారు, ఈ వసంతం నుంచే. ఆ హక్కు ఎప్పట్నుంచో ఉంది, ఎవరో ఒకరు అడగాలంతే.

రన్వా అక్కడే, నడవాలో, బడికి ఫోన్ చేసింది.

"రన్వాని. పరీక్ష రాస్తున్నా. నా పేరు వెయ్యండి." అవతల ఏదో అడిగారు. "కాదు, బద్ధకం కాదు," అంది. "వచ్చాక చెబుతా. కూర్చుని వినండి, కాస్త పెద్ద కథే."