గీతల నీలం సీసా

నీళ్ళ మీటర్లు చూసే ఆయనకి వీధిలో అసలు పేరు పోయి చాలా కాలమైంది. పిల్లలకి సీసాల మావయ్య, పెద్దలకి సీసాలాయన, భార్యకి మాత్రం "ఇదిగో, మిమ్మల్నే". మీటరు కోసం పెరట్లోకి వెళ్ళినవాడు మీటరు చూసుకుని రావాలి గదా! ఈయన చెత్తకుప్ప చూసుకుని వచ్చేవాడు. అంకె తప్పు రాసి ఆఫీసులో చీవాట్లు తిన్నా సరే, సంచిలో ఉబ్బెత్తు అక్షరాల పాత సీసా ఒకటుంటే మొహం చాటంత చేసుకుని ఇంటికొచ్చేవాడు.

దగ్గుమందు సీసాలు, సిరా సీసాలు, జుట్టు రాలదని ఒట్టేసి చెప్పే నూనె సీసాలు. బీరువాలో బట్టలు తీసేసి మరీ పెట్టాడు. చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు ఉపన్యాసం వచ్చేది. బావమరిదైతే "అర్జంటు పనుంది బావా" అంటూ చెప్పులు విప్పకుండానే జారుకునేవాడు. చివరిదాకా ఉండేది అమ్మ ఒక్కతే, అదీ మంచం మీద కళ్ళు మూసుకుని. నిద్రపోతోందనుకునేవాడు. నిద్రపోయేవాళ్ళకి చెప్పడంలో ఓ సుఖముంది, ఎదురు ప్రశ్నలు రావు.

అన్నిట్లోకీ నీలం సీసా ఆయన ప్రాణం. ఒంటినిండా నిలువు గీతలు, మీద 'విషం' అని ఉబ్బెత్తు అక్షరాలు. "వెనకటి రోజుల్లో చీకట్లో మందనుకుని విషం తాగేవాళ్ళు. చెయ్యి తగలగానే తెలియాలని ఈ గీతలు పెట్టారు" అని గొంతు తగ్గించి చెప్పేవాడు, తనే కనిపెట్టినట్టు.

ఈమధ్య అమ్మ నీళ్ళనుకుని ఎసట్లో ఫినాయిలు పోసింది. ఇల్లంతా కంపు. "అత్తయ్య కళ్ళు డాక్టరుకి చూపించండి. రేపు నోట్లోనే పోసుకుంటారు!" అని భార్య మొత్తుకుంది. "నా కళ్ళకేం, ఏదో పరధ్యానం" అంది అమ్మ. ఆ మాట ఆయనకి భలే కలిసొచ్చింది. ఆదివారం పాత వస్తువుల ప్రదర్శన, నీలం సీసా తోమి మెరిపించాలి. డాక్టరు సంగతి తర్వాత చూద్దాంలే అన్నాడు మహానుభావుడు.

శనివారం మధ్యాహ్నం బీరువా తెరిస్తే నీలం సీసా లేదు. ముందు భార్యని అనుమానించాడు, పొద్దున్నే పనికి వెళ్ళిపోయిన మనిషిని! తర్వాత బావమరిదిని. చివరికి స్నానాలగది మూల దొరికింది, మెడదాకా ఫినాయిలుతో.

"అమ్మా! ఎవరు చేశారీ పని?"

"నేనేరా."

"నీకేమైనా మతిపోయిందా? రేపు ప్రదర్శన!"

"ఎందుకురా ఆ అరుపులు? చీకట్లో చెయ్యి తగిలితే తెలుస్తుందని నువ్వేగా చెప్పావు."

"పట్టపగలు చీకటేమిటమ్మా!"

"నీకు పగలు."

ఇన్నాళ్ళూ అమ్మ గోడ పట్టుకుని నడుస్తుంటే మోకాళ్ళ నొప్పులనుకున్నాడు. సీసాల మీద అరిగిపోయిన అక్షరాలు కూడా కూడబలుక్కుని చదివేవాడు, ఇది చదవలేకపోయాడు. నాది తలకాయా, ఖాళీ సీసానా అని నెత్తి కొట్టుకున్నాడు. ఏడుపు కూడా వచ్చింది.

అప్పటికప్పుడు బండి పిలిచి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బల్ల మీద అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ప్రదర్శన మాటే గుర్తు లేదు.

"ఏరా, మాట్లాడవేం? ఏదన్నా సీసా గురించి చెప్పు."

"నిద్రపోతావుగా అమ్మా."

"నిద్రెక్కడిదిరా పిచ్చి సన్నాసీ! తెరిచినా మూసినా ఒకటేనని మూసుకునేదాన్ని. నువ్వు చెబుతుంటేనే కనపడేవి ఆ సీసాలు. ఊఁ, చెప్పు, నూనె సీసా ఎక్కడ దొరికిందన్నావు?"