సరసమ్మ చేతి ముద్ద

గుడియాత్తంలో సరసమ్మ ఇంటికి వెళ్ళి ఏమీ తినకుండా బయటపడ్డవాళ్ళు లేరు. వద్దంటే ఆమెకు కోపం, చాలంటే అనుమానం. అందుకే మనవరాలు జ్యోతిక పుట్టగానే పాలు తాగలేక గుడ్డబొమ్మలా వేలాడితే, "నీ పుట్టింటి రక్తమే పలచన" అని కోడలు సింధుజకు చుట్టాల ముందే తేల్చి చెప్పింది. మూడో ఏట పిల్ల అడిగి అడిగి తినడం మొదలుపెట్టింది. ఆ ఘనత మాత్రం తన చేతి ముద్దకే కట్టబెట్టుకుంది.

ఆరేళ్ళకు పిల్ల ముప్పై ఎనిమిది కిలోలు. పళ్ళికొండలో ఒక పెండ్లిలో కనబడకపోతే వెతికారు. కల్యాణమంటపం వెనక ఎంగిలాకుల గంప దగ్గర దొరికింది, రెండు చేతులతో తింటూ.

"ఏమత్తా, ఇంట్లో సాపాటు పెట్టరా బిడ్డకు?" అంది దూరపు చుట్టం సుగంతి, అందరికీ వినబడేలా.

"కన్నదాన్ని అడుగు!" అంది సరసమ్మ.

మరుసటి వారమే పిల్లను వేలూరు తీసుకెళ్ళారు. పరీక్షల కాగితాలు చూసి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "జన్యువులు అమ్మవి ఒక సెట్టు, నాన్నవి ఒక సెట్టు వస్తాయి. ఈ ఒక్కచోట అమ్మ ఇచ్చినదానికి అండంలోనే రసాయనంతో సీలు పడుతుంది. అందరికీ అంతే. నాన్న ఇచ్చిందే పనిచేయాలి. ఈ పాపకు నాన్న నుంచి రావాల్సిన ఆ ముక్క లేదు. కడుపు నిండినా మెదడుకు తెలీదు."

సరసమ్మ కొడుకు ధనశేఖర్ వైపు చూసింది. అతను ఫ్యాను వైపు చూశాడు.

"మావోడిదా?"

"ఎవరి తప్పూ కాదమ్మా. దానంతటదే జరిగింది."

"కోడలిది లోపల ఉండాది కదమ్మా! ఆ సీలు ఇప్పండి."

"విప్పే మందు ఇంకా రాలేదు. వంటింటికి తాళం వెయ్యండి. కడుపు పగిలేదాకా తినగలదు."

ఇంటికి రాగానే సింధుజ తాళంచెవి అత్త చేతిలో పెట్టింది. "మీరే పెట్టుకోండత్తా. నేను వద్దంటే బిడ్డను మాడస్తాండానంటారు."

పిల్ల అవ్వ కాళ్ళు పట్టుకుంది, ఏడ్చింది, చెయ్యి కొరికింది. సరసమ్మ ఇవ్వలేదు. "ముసిల్దానికి ఇంత పిసినారితనమా?" అని పక్కింటివాళ్ళు గోడ మీదుగా అన్నారు. సరసమ్మ నవ్వింది.

ఇప్పుడామె పెరట్లో స్నానాలగదిలో నిలబడి, గడియ వేసుకుని తింటుంది. పళ్ళెం చప్పుడు కాకుండా కుళాయి తిప్పుతుంది. అయినా తలుపు అవతల చిన్న గోళ్ళు గీరుతూనే ఉంటాయి.

"అవ్వా, ఏం తింటాండావు?"