బంగారు పురుగు పుట్టిల్లు

మా ఆయనకు ఈ లోకంలో కాకిని మించిన శత్రువు లేదు. కోట ఊరి దగ్గర మా రొయ్యల గుంటల మీద కాకి కనబడితే చాలు, భుజం మీది తువ్వాలు తీసి తిప్పుతూ గట్టు వెంబడి పరుగెత్తుతాడు. కారణం లేకపోలేదు. పక్క గుంటలో జబ్బుతో చచ్చిన రొయ్యను కాకి తెచ్చి మన గుంటలో పడేస్తే తెల్లమచ్చ రోగం అంటుకుని పంట మొత్తం పోతుంది. చెట్టుంటే కాకి వాలుతుందని మా వైపు రైతులు గుంటల పక్కన చెట్టునే బతకనివ్వరు.

అట్లా కొట్టగా కొట్టగా మా గట్టున ఒక్క నల్లతుమ్మ మిగిలింది. ఈ వానల్లో దాని వంతూ వచ్చింది. మరుసటి రోజుకు పొక్లెయిన్‌ను మాట్లాడానని ఒక పొద్దున మా ఆయన చెప్పాడు.

నాకు కడుపు మండిపోయింది. ఆ తుమ్మ మీద బంగారు పురుగులున్నాయి. చిన్నప్పుడు వానలు పడగానే పచ్చగా మెరిసే ఆ పురుగును పట్టి, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచేవాళ్లం. ఎవరి పురుగు గుడ్డు పెడితే ఆ రోజు బడిలో వాళ్లదే రాజ్యం. ఇప్పుడు మా పుట్టింటి ఊళ్లో తుమ్మలూ లేవు, పురుగులూ లేవు, అన్నీ గుంటలే. అక్కడికి పోయినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

"చెట్టు కొడితే ఆ పురుగులు యాడికి పోతాయి?" అన్నాను.

"రెక్కలుండాయి గదా, ఎగిరిపోతాయిలే."

"మరి పిల్లలో? అవి మట్టిలో తుమ్మ వేళ్లు తింటా పెరగతాయి. పొక్లెయిన్ తవ్వితే వాటి గతేంది?"

"తెల్లమచ్చ వస్తే మన గతేంది?"

ఆ మధ్యాహ్నం అన్నంలోకి చేపల పులుసు మానేసి ఉత్త చారు పోశాను. ఆయనకు అంతకు మించిన శిక్ష లేదు.

సాయంత్రం చెట్టు చూసొస్తానని వెళ్లిన మనిషి గుప్పిట మూసుకుని వచ్చాడు. "ఏమే, అగ్గిపెట్టె ఉండాదా?"

గ్యాసు లైటరు వచ్చాక మా ఇంట్లో అగ్గిపెట్టె దేవుడి గూట్లో తప్ప ఉండదు. పుల్లలు గుమ్మరించి ఇచ్చాను. పురుగు తానే వచ్చి చొక్కా మీద వాలిందట. జేబులోంచి తుమ్మాకు కూడా తీసి ఎంతో పొందికగా పరిచాడు. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను.

పొద్దున లేచేసరికి పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. "గుడ్డు పెట్టేసిందే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

పొక్లెయిన్ గట్టెక్కేసరికి ఆయన తుమ్మ మొదట్లో వేలితో గుంట చేసి, గుడ్డు పెట్టి మట్టి కప్పుతున్నాడు. పురుగును కొమ్మకు వదిలేశాడు.

"ఈ చెట్టు కొట్టేది లేదు," అన్నాడు డ్రైవరుతో.

"కాకులొస్తాయి గదన్నా?"

"గుంట మీద అడ్డంగా తాళ్లు కడతాంలే. పురిటికి పుట్టింటికొచ్చిందయ్యా. ఇప్పుడు ఇల్లు కూలగొడతామా?"

డ్రైవరు అనుమానంగా, పక్కన నెరిసిన జుట్టుతో నిలబడ్డ నన్నూ, నా కడుపునూ చూశాడు.

తాళ్లు కట్టించాం. కాకి కనబడితే మా ఆయన ఇప్పటికీ తువ్వాలు తీసుకుని పరుగెత్తుతాడు. కాకపోతే ముందు గుంట వైపు కాదు, తుమ్మ వైపు.