రెండు వేళ్ల ఖాళీ

లారీల షెడ్డులో అందరూ ఆయన్ని ఎదురుగా స్టీరింగు మేస్త్రి అనేవారు, చాటుగా జడ్జిగారు అనేవారు. రెండో పేరు ఊరికే రాలేదు. ఎంత పాత లారీ వచ్చినా ఆయన ముందు కేబిన్‌లోకి ఎక్కి కూర్చుని, గొంతు సవరించుకుని, స్టీరింగు చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపేవాడు. కింద టైర్లు కదలకుండా పైన చక్రం రెండు వేళ్ల మేర తిరిగితే బండి నిర్దోషి. మూడు వేళ్లయితే అరుగుదల. అసలు ఖాళీయే లేకపోతే ఎవడో తెలివైనవాడు చెయ్యి పెట్టాడని అర్థం. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

చక్రం తిప్పుడును టైర్లకు అందించే స్టీరింగు పెట్టె పక్కన ఒక మర ఉంటుంది. దాన్ని బిగిస్తే ఖాళీ తగ్గుతుంది. లోకంలోని తొందరపాటు మనుషుల కోసమే దాన్ని అంత అందుబాటులో పెట్టారని మేస్త్రి అభిప్రాయం. ఆయన మాత్రం ముందుగా పెట్టె నుంచి టైర్ల వైపు వెళ్లే కడ్డీని విప్పేవాడు. స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపి, అప్పుడు మర బిగించేవాడు. మళ్లీ కొస నుంచి కొసకు తిప్పి, ఎక్కడా పట్టెయ్యడం లేదని చేతికి నమ్మకం కుదిరాకే కడ్డీ తగిలించేవాడు. ముప్పయ్యేళ్లలో ఈ క్రమం ఒక్కసారే తప్పింది. అదీ చుట్టరికం వల్ల.

ఆయన బావమరిది ఒక కంపెనీలో సిమెంటు లారీ నడిపేవాడు. ఆ లారీ వాడికంటే వయసులో పెద్దది. ఒకరోజు మధ్యాహ్నం దాన్ని షెడ్డుకి తెచ్చాడు.

"నాలుగు వేళ్లు," అన్నాడు మేస్త్రి కేబిన్‌లోంచి దిగుతూ. "ఎప్పుడూ తిన్నగా పోయే బండి కదా, పెట్టె లోపల షాఫ్టు మధ్యభాగం అరిగిపోయింది. దాన్ని మార్చాలి. మూడు రోజులు."

"మూడు రోజులా! అప్పటికి నా సీట్లో ఇంకొకడు కూర్చుని నా దిండు కూడా వాడేస్తుంటాడు బావా. ఆ మరేదో కాస్త బిగించు."

"మధ్యలో అరిగినదానికి సరిపడా బిగిస్తే, అరగని చోట, అంటే మలుపులో, పట్టేస్తుందిరా. తిప్పిన చక్రం దానంతట అది వెనక్కి రాదు."

"నేను లాక్కుంటాలే. చేతుల్లేవా?"

"చేతులున్నాయి. వాటికి పైన ఉండాల్సినదాని మీదే నాకు అనుమానం."

బావమరిది వాదించలేదు. ఫోను తీసి అక్కకు చెప్పాడు. పై కోర్టు అరగంటలో అన్నం క్యారియరుతో సహా షెడ్డుకి వచ్చింది.

"ఊళ్లోవాళ్ల బళ్లన్నీ బాగుచేస్తారు. మావాడి బండి దగ్గరికొచ్చేసరికి మీకు శాస్త్రాలు గుర్తొస్తాయి," అంది భార్య.

"శాస్త్రం కాదే, ఇనుము."

"ఇనుమైనా వేడికి మెత్తబడుతుంది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచినవాడు ఇంట్లో ఎలా ఓడిపోవాలో చెప్పడం మరిచారు. నాలుగింటికల్లా బండి సరుకు ఎత్తాలి. కడ్డీ విప్పే వ్యవధి లేదు. మేస్త్రి ముప్పావు చుట్టు మర బిగించాడు. బండి బరువంతా టైర్ల మీద ఉండగా స్టీరింగు ఎలాగూ గట్టిగానే ఉంటుంది. ఆ గట్టిదనంలో పెట్టె బిగువు కలిసిపోయి చేతికి తెలియలేదు. తెలుసుకోవాలన్న పట్టుదల ఆ పూట చేతికీ లేదు.

సాయంత్రం ఆరింటికి గోడౌను గేటు దగ్గర బావమరిది ఎడమకు తిప్పాడు. చక్రం వెనక్కి వస్తుందన్న పాత అలవాటుతో పట్టు వదులు చేశాడు. అది రాలేదు. లాక్కునేలోపు ప్రహరీ గోడ, దాని వెనక కాపలావాడి గది కూలాయి. కాపలావాడు టీకి వెళ్లి బతికిపోయాడు. బావమరిది కుడి మణికట్టు విరిగింది.

తనిఖీ అధికారి వచ్చి చక్రం కదిపి చూశాడు. 'స్టీరింగులో ఖాళీ ఏమాత్రం లేదు, భేషుగ్గా ఉంది' అని రాసుకున్నాడు. తిప్పితే బిగుసుకుంటోందని పక్కనున్నవాళ్లంటే, గుద్దుకున్నప్పుడు ఇరుసు వంగింది కదా అన్నాడు. ఇక మిగిలింది డ్రైవరు. నిద్రపోయాడని తేల్చారు. లైసెన్సు రద్దుకు రాశారు. ఉద్యోగం అంతకుముందే పోయింది.

మేస్త్రి చొక్కా మార్చుకుని కంపెనీ యజమాని దగ్గరికి వెళ్లాడు.

"తప్పు వాడిది కాదండీ, నాది. కడ్డీ విప్పకుండా మర బిగించాను."

యజమాని కుర్చీ చూపించి టీ తెప్పించాడు. "మేస్త్రీ, ఈ మాట ఇంకెవరైనా చెప్పుంటే నమ్మేవాణ్ణి. కడ్డీ విప్పందే మీరు మర ముట్టుకోరని లారీలన్నిటికీ తెలుసు. బావమరిది మీద ప్రేమ ఉండొచ్చు. కానీ అబద్ధం కూడా అతికేలా చెప్పాలి కదా!"

"పెట్టె విప్పించి చూడండి."

"మొన్ననే తుక్కు కింద అమ్మేశాం. ఈపాటికి కరిగించేసుంటారు."

అధికారికి కాగితం రాసిచ్చాడు. ఆయన చదివి, మెచ్చుకోలుగా తలాడించి, సొరుగులో పెట్టేశాడు.

చివరికి కట్టుతో పడుకున్న బావమరిది మంచం పక్కన కూర్చున్నాడు. "ఒరే, నువ్వు నిద్రపోలేదురా. మలుపులో చక్రం పట్టేసింది. నా వల్లే."

"ఏమో బావా, కునుకు పట్టే ఉంటుంది. నీ చేతిపని అలా పోదు." వాడి కళ్లు చెమ్మగిల్లాయి. "నాకోసం ముప్పయ్యేళ్ల పేరు పాడుచేసుకోవాలని చూశావట. అక్క చెప్పింది."

ఆ రోజు భార్య ఆయనకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది. కాపురానికొచ్చాక అలా ఇవ్వడం అదే మొదలు.

మణికట్టు సరిగ్గా అతకలేదు. బావమరిది ఇప్పుడు అదే షెడ్డులో, బళ్ల నుంచి విప్పిన సామాను కిరసనాయిలులో కడుగుతాడు. లోపలికొచ్చే ప్రతి డ్రైవరూ, "ఏం గురూ, లేచావా?" అని పలకరిస్తాడు. వాడూ నవ్వుతాడు.

మేస్త్రి బండి కింద నుంచి తల బయటికి పెట్టి, "వాడు నిద్రపోలేదు," అంటాడు.

"మీరు మరీ మంచివాళ్లు మేస్త్రీ," అంటారు డ్రైవర్లు.